నాన్న మారుతి 800 ఎందుకు వేడెక్కుతోందో టీడీఎస్ మీటర్ చెప్పింది

మే నెల మిట్టమధ్యాహ్నం. దర్శి నుంచి అద్దంకి వెళ్తుంటే మా నాన్న 2003 మోడల్ మారుతి 800లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. వేపచెట్టు కింద ఆపి గంటసేపు కూర్చున్నాం. తర్వాత చూసిన మెకానిక్ ఒకటే మాట అన్నాడు: "దీని పని అయిపోయిందండీ, స్క్రాప్‌కి ఇచ్చేయండి." మిర్చికి మంచి రేటు పలికిన ఏడాది నాన్న కొన్న కారు అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

నాకు తెలిసింది గ్యాడ్జెట్లే కదా, ముందు బ్లూటూత్ ఓబీడీ-2 స్కానర్ తెచ్చా. వేస్ట్! ఇంత పాత కారులో దానికి సరిపోయే సాకెట్టే లేదు. చివరికి పనికొచ్చింది వంటింట్లో ఆర్వో నీళ్లు చెక్ చేసే టీడీఎస్ మీటర్.

మర్నాడు పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీశా. (వేడి మీద మాత్రం తీయొద్దు. అది ప్రెషర్ కుక్కర్ లాంటిది, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.) కింద డ్రెయిన్ తిప్పితే చింతపండు పులుసులాంటి నీళ్లు దిగాయి. "ఇందులో ఏం పోస్తున్నావు నాన్నా?" అంటే, "ఏందిరా ఆ ప్రశ్న, బోరు నీళ్లేగా" అన్నాడు.

బోరు నీళ్లలో మీటర్ పెట్టా: 1,340. ఆర్వో నీళ్లు: 58. తాగే నీళ్లకి బీఐఎస్ చెప్పే కోరదగిన పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు. మన ప్రకాశం వైపు బోరు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌కి అసలు శత్రువులు కాల్షియం, మెగ్నీషియం. బిందె అడుగున, గీజర్ కాయిల్ మీద పట్టే తెల్ల పొర ఇక్కడ సన్నటి గొట్టాల లోపల పడుతుంది. ఇక వేడి బయటికి పోయే దారేది? ఇంకోపక్క తుప్పు. నిజం చెప్పాలంటే టీడీఎస్ మీటర్ కాల్షియంని విడిగా చూపించదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి అంచనా కడుతుంది, అంతే. కానీ అంత పెద్ద తేడా కనిపించాక అనుమానం ఎటు పోవాలో అటే పోయింది.

"మన దగ్గర మంచు పడదుగా, కూలెంట్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకి మరిగితే, సగం కూలెంట్ సగం నీళ్లు కలిపినది దాదాపు 107 దగ్గర మరుగుతుంది. మూత ఇచ్చే ప్రెషర్‌తో అది ఇంకా పైకి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, అందులో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి. నలభై దాటే మన ఎండలకి ఇది లగ్జరీ కాదు.

డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజిన్ కాసేపు నడిపి, చల్లారాక మళ్లీ తీశా. నీళ్లు తేటగా వచ్చేసరికి మూడుసార్లు పట్టింది, ఒక ఆదివారం అయిపోయింది. తర్వాత కూలెంట్. డబ్బా మీద 'రెడీ టు యూజ్' అని ఉంటే నీళ్లు కలపకండి. కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి. మెల్లగా పోసి, మూత తీసే ఉంచి, అప్పుడు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి బుడగలు ఆగేదాకా చూడాలి. లోపల గాలి ఉండిపోతే మళ్లీ వేడెక్కుతుంది. ఒక్క భయం మాత్రం ఉంది: బాగా తుప్పు పట్టిన రేడియేటర్‌లో ఆ పొరే చిల్లులు మూసి ఉంచుతుంది, కడిగితే కారొచ్చు. మాది కారలేదు, అదృష్టం.

పనిలో పనిగా ఇంజిన్ ఆయిల్ కూడా మార్చా. ఇది కూలెంట్‌కి రివర్స్, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే త్వరగా దిగుతుంది. కొత్త ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్‌కి కొత్త వాషర్ వేశా. కారు కిందకి దూరేటప్పుడు ఒట్టి జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. వాటికి పెట్టిన డబ్బు గురించి అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

బ్రేక్ ఆయిల్ జోలికి మాత్రం పోలేదు. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. టెస్టర్ పెన్ను పెడితే ఎర్ర లైటు వెలిగింది. అదీ టీడీఎస్ మీటర్ లాగే కరెంటు చూసి చెప్పేదే, కాబట్టి పూర్తిగా నమ్మలేం. కానీ పైపుల్లో గాలి చేరితే పెడల్ ఉత్తగా కిందకి పోతుంది. యూట్యూబ్ చూసి నేర్చుకునే చోటు కాదది. మెకానిక్‌తోనే మార్పించా.

తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉండే విషం, వీధి కుక్కలు నాకితే చస్తాయి. పాత ఆయిల్‌ని చెదలు పట్టకుండా కంచె గుంజలకి పూస్తుంటారు మా వైపు. 2016 రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, సాగర్ కాలువలోకి చేరితే తాగేది మనమే. రెండూ వేర్వేరు డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ పోగుచేసే వర్క్‌షాప్‌లో ఇచ్చా.

పోయిన వారం మళ్లీ అద్దంకి వెళ్లొచ్చాం, అదే ఎండలో. ముల్లు సగం దాటలేదు. నాన్న ఇప్పుడు బోరు నీళ్ల బకెట్‌ని కారు దగ్గరికే రానివ్వడం లేదు. నా టీడీఎస్ మీటర్ మాత్రం పక్కింటాయన పట్టుకెళ్లాడు, ట్రాక్టర్ రేడియేటర్ చూస్తాడట.