మరువము

కర్నూలు, కడప పట్టణములలో ఉదయమున పూలబజారునకు పోయినచో మల్లెలు, కనకాంబరముల నడుమ పచ్చని రెమ్మల కట్టలు కానవచ్చును. వానికి రంగుల సొంపు లేదు. అయినను మాలకట్టువారు వానిని విడువరు. ఆ రెమ్మయే మరువము. కనకాంబరమునకు రంగు కలదు, వాసన లేదు. ఆ లోటును మరువము తీర్చును.

ఈ మొక్క మన సీమలో పుట్టినది కాదు. మధ్యధరా సముద్రపు తూర్పుభాగమునందలి సైప్రస్ దీవియు, టర్కీ దేశపు దక్షిణ ప్రాంతమును దీని జన్మభూములు. ప్రాచీన గ్రీకులును రోమనులును పెండ్లివేళ వధూవరుల మాలలలో దీనిని కూర్చెడివారు. ఎక్కడి గ్రీసు, ఎక్కడి రాయలసీమ! రెండుచోట్లను ఇది మాలలోనే చోటు సంపాదించినది. ఐరోపావారు దీని ఆకులను ఎండబెట్టి వంటలలోను వాడుదురు. 1753లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి 'ఒరిగానమ్ మజొరానా' అని నామకరణము చేసెను.

మరువమునకు మన పెరటిలోనే చుట్టములు కలరు. తులసి, పుదీనా, తుమ్మి దీని కుటుంబములోనివే. తులసి లేతకొమ్మను వ్రేళ్లతో తాకి చూడుడు. అది గుండ్రముగా నుండదు. నాలుగు పలకలుగా నుండును. ఆకులు రెండేసి ఎదురెదురుగా పుట్టును. మరువమునందును ఈ లక్షణములే కానవచ్చును. దాని పూవులు మిక్కిలి చిన్నవి. తెలుపు లేక లేత గులాబి రంగులో నుండును.

దీని పరిమళము మన కొరకు పుట్టినది కాదు. ఆకులపై నున్న సూక్ష్మగ్రంథులలో ఒక తైలము నిలువ యుండును. ఆకును నలిపినంతనే గ్రంథులు పగిలి వాసన వెలువడును. ఆకులను తిన వచ్చు పురుగులను పారద్రోలుటకు ఈ తైలము తోడ్పడును. ఆకుపై నున్న నూగు ఎండ తాకిడిని తగ్గించి, లోని తేమను కాపాడును. ఇట్లు మనకు సుగంధమైనది మొక్కకు కవచము.

మరి ఎండకు ఓర్చు ఈ మొక్క మన మెట్టసీమలో తనంతట తాను పెరుగదేల? దాని పుట్టినచోట వానలు శీతకాలమున కురియును. మనకు ఏడాదికి పడు సుమారు 700 మిల్లీమీటర్ల వానలో అధికభాగము జూన్ మొదలు నవంబరు లోపలనే కురియును. తరువాతి నెలలు పొడి నెలలు. కావున నీరు పెట్టు చేయి కావలెను. అట్లని నీరు నిలువరాదు, వేళ్లు కుళ్లిపోవును. నల్లరేగడిలో వానకాలమున ఈ భయము మెండు. అందుచేత నీరు ఇంకిపోవు గుల్లనేల దీనికి మేలు.

ఒక రెమ్మను కుండీలో నాటి, మన్ను ఆరినప్పుడే నీరు పోయుడు. అది వేరుపట్టినచో, దూరదేశపు మొక్క మీ ఇంటిది కాగలదు.