ఉచిత ఐకాన్లు: గీసిన చేతికి పేరు దక్కాలి

కొల్లేరు లంక గ్రామాల తాగునీటి మీద కరపత్రం వేసినా, ఏలూరులో అంబేడ్కర్ జయంతికి ఫ్లెక్సీ కట్టినా, తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థులు వెబ్‌సైటు తయారుచేసినా నీటి చుక్క, పుస్తకం, పిడికిలి లాంటి చిన్న బొమ్మలు కావాలి. మనలో చాలామందిమి గూగుల్‌లో కనిపించినదాన్ని దించుకుని పెట్టేస్తాం. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఫ్లెక్సీ మీద పెద్దది చేస్తే ఆ బొమ్మ మసకబారుతుంది. పైగా అది ఎవరో గీసిన పని. అనుమతి లేకుండా వాడితే హక్కుదారు ఫిర్యాదు చేసి తీయించవచ్చు. మన గొంతు నొక్కాలని చూసేవాళ్లకు మనమే సాకు అందించినట్టవుతుంది.

మొదటి చిక్కుకు జవాబు వెక్టర్ ఐకాన్. ఫొటో అంటే చుక్కల కూర్పు, వెక్టర్ అంటే గీతల లెక్క. ఎస్‌వీజీ ఫైలు ఫోన్ తెర మీదైనా, 20 అడుగుల ఫ్లెక్సీ మీదైనా అంచు చెదరదు. మామూలుగా కొద్ది కేబీలే ఉంటుంది కాబట్టి సిగ్నల్ సరిగా అందని ఊళ్లోనూ పేజీ త్వరగా తెరుచుకుంటుంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దానికి మన నీలం రంగు వేసుకోవచ్చు.

రెండో చిక్కుకు జవాబు లైసెన్స్ చదవడం. ఉచితం అంటే డబ్బు అడగరని, షరతులు లేవని కాదు.

సీసీ జీరో: పేరు వేయకుండానే వాడుకోవచ్చు.
అపాచీ 2.0: గూగుల్ మెటీరియల్ ఐకాన్లు దీని కింద ఉన్నాయి. పోస్టరు మీద పేరు వేయనక్కర్లేదు.
సీసీ బై: గీసినవారి పేరు చెప్పాలి. నౌన్ ప్రాజెక్ట్‌లో ఉచితంగా దించుకునే ఐకాన్లకు ఇదే షరతు. ఫాంట్ ఆసమ్ ఉచిత ఐకాన్ల ఫైళ్లలోనే పేరు రాసి ఉంటుంది, దాన్ని చెరపకూడదు.
ఎన్‌సీ అని ఉంటే: టీషర్టుల మీద వేసి అమ్మకూడదు.
ఎన్‌డీ అని ఉంటే: మార్చిన బొమ్మను పంచకూడదు.

కరపత్రం అడుగున "ఐకాన్: గీసినవారి పేరు, నౌన్ ప్రాజెక్ట్, సీసీ బై" అని ఒక్క వరుస చాలు. చెప్పు కుట్టిన చేతికి, డప్పు మూసిన చేతికి పేరు లేకుండా చేసిన సమాజం ఇది. శ్రమ చేసినవారి పేరు చెరిపేస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పని మనం చేయకూడదు.

బొమ్మ ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో ఆసుపత్రి పాలయ్యారు. అలాంటి వేళ కుళాయి బొమ్మ ఒక్కటే పెడితే నీళ్లు తాగమన్నట్టా, వద్దన్నట్టా? బొమ్మ పక్కన తెలుగు మాట ఉండాల్సిందే. పారిశుధ్య కార్మికులు అనగానే చీపురు పెట్టడం కూడా అలవాటైపోయింది. అది మనిషిని పనిముట్టుగా కుదిస్తుంది. అడిగేది జీతమూ రక్షణా అయితే జీతం చీటీ, గ్లవ్స్ బొమ్మలు పెట్టాలి.

కొల్లేరు తాటిదోనె, మన డప్పు మనం అనుకున్న తీరులో దొరక్కపోతే మనమే గీద్దాం. సీసీ బై కింద విడుదల చేద్దాం. రేపు వాటిని వాడుకునేవాళ్లు మన పిల్లల పేర్లు రాయాల్సి ఉంటుంది.