మూసిన అంగడిలో కథాకాలక్షేపము

వుడ్‌ల్యాండ్స్ సెంటర్ రోడ్డునందలి పాత పట్టణకేంద్రమును మన పెద్దలు మరచియుండరు. జొహోరు నుండి కాజ్‌వే దాటివచ్చినవారు టీ త్రాగి, సరకులు కొనుక్కొని, నాలుగు మాటలాడుకొనెడి చోటది. అచ్చటి బ్లాకులను ఖాళీ చేయింతుమని 2012లో ప్రభుత్వము ప్రకటించెను. తరువాతి కొద్ది సంవత్సరములలో అంగళ్లన్నియు మూతపడెను.

అంగడితో పోవునది బేరమొక్కటే కాదు. తెరచిన అంగడి ముందు నిలుచుటకు ఎవరి పిలుపును అక్కరలేదు. మన పల్లెలలో రచ్చబండ యట్టిది. ఈ ద్వీపమునందును పూర్వము సింగపూరు నదీతీరమున చీనా కథకులు అగరువత్తి వెలిగించి కథ చెప్పెడివారు. వత్తి కాలిపోగానే కథ నాపి చిల్లర పుచ్చుకొనెడివారు. (రక్తి కట్టినచోట నిలుపు నేర్పు మన హరిదాసులకును తెలియును!)

ఇప్పుడీ మాట యేల? 1938లో భారత ప్రభుత్వము మలయాకు కూలివలసను నిషేధించెను. అంతకుముందు రబ్బరు తోటలకు వచ్చిన వారి బిడ్డలే నేడు వృద్ధులు. లైను ఇండ్ల బ్రదుకు వారి నోటనే యున్నది. ఇచ్చటి పాఠశాలలలో తమిళము గాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ భాషలను మాతృభాషగా చదువవచ్చును. తెలుగునకు ఆ పట్టికలో చోటు లేదు. కావున మన పిల్లలకు తెలుగు వినికిడిచేతనే అబ్బవలెను.

1975లో వెలసిన సింగపూరు తెలుగు సమాజము పండుగలు ఘనముగానే జరుపుచున్నది. కాని వేదిక యనగానే మామ్మలు వెనుక వరుసకు పోవుదురు. బ్లాకుల క్రింది ఖాళీ తావు టౌన్ కౌన్సిల్ అనుమతితో దొరకును. పెండ్లికది చాలును, కథకు చాలదు. నాలుగువైపుల రాకపోకలలో ముసలి గొంతు వినబడదు.

ఒక అద్దెదారు పోయి మరియొకరు వచ్చులోపల తాళము పడియున్న చిన్న అంగడిని వారమునకు రెండు గంటలు అడిగి చూడవలెనని మా తలంపు. గృహనిర్మాణ మండలి అంగళ్లను టెండరుపై నిచ్చును గనుక, అద్దె లేకుండ దొరకునని మేము చెప్పజాలము. దొరకినచో చాపలు, ఒక దీపము చాలును. మైకు వద్దు, పూలదండలు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. పిల్లలు ఊఁ కొట్టవలెను; ఊఁ కొట్టుట మానినచో కథ ఆగును.

మొన్న గుడిలో నొక మామ్మగారి నడిగితిమి. “మాది తోట తెలుగు నాయనా, చదువుకున్నవాళ్లు నవ్వుతారు” అని ఆమె చెంగు నోటికడ్డము పెట్టుకొనిరి. ప్రక్కనున్న మనుమరాలు, “తోట తెలుగంటే ఏమిటి మామ్మా?” అని యడిగెను. ప్రసాదము చేతిలో చల్లారుచుండగా ఆమె అరగంట చెప్పిరి.