కలరావ్యాధియు జి-ప్రోటీనులును

కలరా యను పేరు వినినంతనే మన పెద్దలు భయపడుచుండిరి. దీనినే వారు వాంతిభేది యనియు, మహమ్మారి యనియు పిలిచిరి. వ్యాధి తీవ్రమైనచో రోగి శరీరమునుండి గంటకొక లీటరు నీరు పోవచ్చును. చికిత్స లేనియెడల కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును. అయినను ఆ సూక్ష్మజీవి ప్రేవులను కొఱుకదు, చీల్చదు. మఱి యింత నీరెట్లు పోవుచున్నది? దీనికి జవాబు మన శరీరములోని జి-ప్రోటీనులను మాంసకృత్తులయందున్నది. దానిని విద్యార్థులకు బోధపడునట్లు వివరింప యత్నించెదము.

ప్రతి జీవకణమునకు చుట్టును పలుచని పొర కలదు. వార్తలను తెచ్చు హార్మోనులలో ననేకము లా పొరను దాటి లోపలికి పోజాలవు. అవి పొరయందున్న గ్రాహకములను తాకి నిలిచిపోవును. ఆ వార్తను లోపలివైపున నందుకొనునదే జి-ప్రోటీను. ఇందు ఆల్ఫా, బీటా, గామా యను మూడు భాగములు కలవు. విశ్రాంతిగా నున్నపుడు ఆల్ఫా భాగము జి.డి.పి. యను పదార్థమును పట్టుకొని యుండును. వార్త రాగానే దానిని విడిచి, జి.టి.పి. యను వేఱొక పదార్థమును గ్రహించి, తక్కిన రెండు భాగములనుండి విడివడి పనికి పూనుకొనును. కొంతసేపటికి ఆ జి.టి.పి.ని తానే జి.డి.పి.గా మార్చి మరల విశ్రమించును. ఇది కాలువ లస్కరు ఉత్తరువు రాగానే తూము తలుపెత్తి, గడువు తీఱగానే దించుట వంటిది. తలుపెత్తుట యెంత ముఖ్యమో, దించుటయు నంతే ముఖ్యము. ఈ ప్రోటీనులను కనుగొనినందుకు ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులకు 1994లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక కలరా సంగతి. కలకత్తాలో శంభునాథ్ డే అను వైద్యుడు కుందేళ్ల ప్రేవులపై పరీక్షలు చేసి, సూక్ష్మజీవులను వడపోసి తీసివేసిన ద్రవము సైతము ప్రేవులలో నీరు నింపునని 1959లో ప్రకటించెను. అనగా చెఱుపు చేయునది సూక్ష్మజీవి విడుచు విషమే. ఆ విషము చిన్నప్రేవుల కణములలో ప్రవేశించి, ఆల్ఫా భాగమునకు ఏ.డి.పి.-రైబోసు అను తునుకను అతికించును. అంతట నది జి.టి.పి.ని మార్పజాలదు, ఎత్తిన తలుపు దిగదు. కణములో సైక్లిక్ ఏ.ఎం.పి. అను పదార్థము మితిమీఱి పెరుగును. దానివలన క్లోరైడు ద్వారములు తెఱచుకొని, లవణములును, వాని వెంట నీరును ప్రేవులలోనికి పాఱును. ఈ సైక్లిక్ ఏ.ఎం.పి. తయారగునది ఏ.టి.పి. నుండి. ఆ ఏ.టి.పి.ని 1929లో కనుగొనినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరని తెలుగు విద్యార్థులు మఱువరాదు.

కోరింతదగ్గు విషము సైతము ఇట్టి తునుకనే మఱియొక జాతి జి-ప్రోటీనునకు అతికించును. కణములోని పనిని అదుపుచేయుట ఆ ప్రోటీను విధి. అది వార్త నందుకొనజాలక పోవుటచే అదుపు తప్పును.

కలరా విషము ఒక ద్వారమును చెఱచినను, మఱియొక ద్వారమును చెఱుపలేదు. గ్లూకోసును, ఉప్పులోని సోడియమును జతగా ప్రేవులనుండి కణములోనికి చేర్చు మార్గ మొకటి చెక్కుచెదరక పనిచేయుచుండును. వాని వెంట నీరును లోపలికి పోవును. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బన్‌గావ్ శిబిరములో శరణార్థులకు కలరా సోకి, నరములకెక్కించు సెలైను చాలకపోగా, దిలీప్ మహలనోబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగించెను. అందుచే వేలకొలది ప్రాణములు నిలిచెను. నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లములో నున్నది ఈ జ్ఞానమే. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోసు, 2.6 గ్రాముల ఉప్పు, మఱి రెండు లవణములు అందుండును.

విరేచనములగు బిడ్డకు నీరు మాన్పించు ఆచార మింకను కొన్ని యిండ్లలో కలదు. తల్లిదండ్రులారా, అది ప్రాణాపాయకరము. పొట్లమును కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. బిడ్డ సొమ్మసిల్లినను, త్రాగలేకపోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపొండు. విద్యార్థులారా, మీరు చదివిన యీ విషయమును నేడే యింట చెప్పుడు. సృష్టికర్త మన ప్రేవులలో నుంచిన ఆ రెండవ ద్వారమును గూర్చి తెలిసినవారు ఊరిలో నెందఱున్న నంత మేలు.