బ్యాటరీ ఉబ్బిందా? పొడవొద్దు.. ఛార్జింగ్ అసలే పెట్టొద్దు!

గజపతినగరం: ఫోన్ వెనక మూత పైకి లేస్తోందా? స్కూటర్ బ్యాటరీ కిందపడి సొట్ట పడిందా? ‘ఇంకా పనిచేస్తోంది కదా’ అని మళ్లీ ఛార్జింగ్ పెడుతున్నారా? అయితే వెంటనే ఆపేయండి. ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి.

లోపల ఏముంటుంది?

లిథియం అయాన్ బ్యాటరీలో ఒకవైపు రాగి రేకుపై గ్రాఫైట్ పూత ఉంటుంది. రెండోవైపు అల్యూమినియం రేకుపై లిథియం కలిసిన పదార్థం పూస్తారు. ఫోన్లలో ఎక్కువగా కోబాల్ట్ ఆక్సైడ్ వాడతారు. స్కూటర్లు, కార్లలో నికెల్-మాంగనీస్-కోబాల్ట్ మిశ్రమం లేదా ఐరన్ ఫాస్ఫేట్ ఉంటుంది. మాంగనీస్ అంటే మన జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు గనుల్లో దొరికే లోహమే.

మంట ఎందుకు ఆగదు?

ఈ రెండు పూతలనూ విడదీసేది వెంట్రుక కంటే పల్చటి ప్లాస్టిక్ పొర. దెబ్బ తగిలి అది చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. బాగా వేడెక్కితే కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు తమలోని ఆక్సిజన్‌ను వదులుతాయి. పక్కనే మండే ద్రవం ఉంటుంది. అందుకే దుప్పటి కప్పినా మంట ఆరదు. ఐరన్ ఫాస్ఫేట్ ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. ముప్పు తక్కువే కానీ, అసలు లేదని కాదు. ఇక ఉబ్బడం అంటే లోపలి ద్రవం విరిగి గ్యాస్‌గా మారిందని అర్థం.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఈ-బైక్ షోరూమ్ ఉన్న భవనంలో మంటలు రేగాయి. పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి 8 మంది బలయ్యారు.

ఏం చేయాలి?

* ఉబ్బిన బ్యాటరీని పొడవొద్దు, నొక్కొద్దు, విప్పొద్దు.
* తేలిగ్గా బయటికి వచ్చే బ్యాటరీ అయితే టెర్మినళ్లకు ఇన్సులేషన్ టేపు వేయండి. పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్‌లో పెట్టి ఆరుబయట, నీడలో ఉంచండి.
* చెత్త బండిలో వేయొద్దు. నలిగితే అక్కడే అంటుకోవచ్చు. డీలర్‌కు గానీ, సర్వీస్ సెంటర్‌కు గానీ ఇవ్వండి. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే.
* పొగ వస్తే అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. ఆ పొగలో విషవాయువులుంటాయి. ఆరినట్టు కనిపించినా గంటల తర్వాత మళ్లీ రాజుకోవచ్చు.

రాత్రి పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టకండి. మంట వస్తే బయటపడటానికి దారి ఉండాలి.