జ్ఞానదంతము: దాని పుట్టుక, దాని బాధ

ఇరువది ఏండ్ల యువకుడు చెంపను చేతితో పట్టుకొని, నోరు తెరువలేక, ముద్ద మ్రింగలేక అరుగుమీద కూర్చుండియుండుట మన గ్రామములలో క్రొత్త దృశ్యము కాదు. పన్ను పుచ్చినదని ఇంటివారు తలంతురు. దీపము పట్టి చూచినచో పండ్లన్నియు చక్కగనే యుండును. దవడ చిట్టచివర, చిగురును చీల్చుకొని క్రొత్తగా మొలుచుచున్న పన్నే ఈ బాధకు కారణము.

దీనినే జ్ఞానదంతమందురు. పాలపండ్లు సుమారు ఆరవ నెలలో మొదలగును. పెద్ద దవడపండ్లలో మొదటిది ఆరవ ఏటను, రెండవది పండ్రెండవ ఏటను వచ్చును. మూడవది మాత్రము సాధారణముగా 17 మొదలు 25 ఏండ్ల లోపల వచ్చును. లోకజ్ఞానము కలుగు వయస్సున వచ్చుటచే దానికి ఆ పేరు కలిగినది. పన్నుతోబాటు జ్ఞానమును తప్పక వచ్చునని ఎవరును పూచీపడలేరు. మొత్తము 32 పండ్లలో ఇవి నాలుగు. కొందరికి రెండే వచ్చును, కొందరికి ఒకటియు రాదు. అది లోపము కాదు. సందర్భము వచ్చినది కనుక పంచాయతీ సభ్యులకు ఒక మాట: జ్ఞానదంతము వచ్చినది కాబట్టి పిల్లకు పెండ్లియీడు నిండినదని ఎవరైనను వాదించినచో ఒప్పుకొనరాదు. పదునెనిమిది నిండకముందే ఈ పన్ను వచ్చినవారు కలరు. జనన ధ్రువపత్రమునే అడుగవలెను.

ఇంతకు, చోటులేని చోట ఈ పన్ను ఏల మొలుచును? ఆదిమానవుడు దుంపలను, గట్టి గింజలను, మాంసమును చాలసేపు నమలి తినవలసియుండెను. వెనుక నుండు దవడపండ్లు అతనికి తిరుగలి రాళ్లవంటివి. అగ్ని, కుండ, రోలు, తిరుగలి వచ్చిన పిమ్మట నమలుటయను పనిలో అధికభాగము నోటినుండి వంటయింటికి మారినది. పంటి పరిమాణము చాలవరకు తల్లిదండ్రులనుండి సంక్రమించును. దవడ యెముక యట్లు కాదు. బాల్యమున దానికి ఎంత పని చెప్పిన అంత చక్కగా పెరుగును. పని తగ్గినచో దవడ పొట్టిదగును, పండ్ల సంఖ్య మాత్రము తగ్గదు. పదిమందికి పరచిన చాపపై పన్నెండుమంది కూర్చున్నట్లు కడపట వచ్చినవాడు ప్రక్కకు ఒరిగి ఇరుకుకొనును.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికా శాస్త్రజ్ఞుడు డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు 2004లో ఒక పరీక్షాఫలితమును ప్రకటించిరి. హైరాక్స్ అను చిన్న జంతువులలో కొన్నిటికి వండిన మెత్తని ఆహారమును, కొన్నిటికి పచ్చి, యెండు ఆహారమును పెట్టి పెంచిరి. మెత్తనిది తిన్న వాటి ముఖములో క్రింది, వెనుక భాగముల ఎదుగుదల సుమారు 10 శాతము తగ్గెను. మన దేశముననే చండీగఢ్ పరిసరములలో పట్టణపు యువకులను, పల్లె యువకులను పోల్చి రాబర్ట్ కొరుచ్చిని మొదలగువారు చేసిన పరిశోధన 1983లో వెలువడెను. ముతక ఆహారము నమలు పల్లెవారికంటె మెత్తని ఆహారము తిను పట్టణవాసులలో పలువరుస తప్పుట ఎక్కువగా కానవచ్చెను. కావున పిల్లలకు జొన్నరొట్టె, జామకాయ నమలి తిను అలవాటు చేయుట మంచిదే. అందువలన జ్ఞానదంతమునకు చోటు తప్పక దొరకునని మాత్రము చెప్పజాలము.

ఈ బాధను నేనును అనుభవించితిని. నా ఇరువది నాలుగవ ఏట ఎడమవైపు క్రింది పన్ను సగము వెలికివచ్చి ఆగిపోయినది. సగము మొలచిన పంటిపై చిగురు ఒక రెప్పవలె కప్పియుండును. దాని క్రింద మెతుకులు చేరి క్రుళ్లును, సూక్ష్మక్రిములు పెరుగును, చిగురు వాచును. నేను లవంగము నమలితిని. కొంత ఉపశమనము కలిగెను. ఒకరి సలహాపై పొగాకు నలిపి పెట్టితిని, చిగురు పొక్కెను. మరియొకరి మాటపై చెంపకు కాపడము పెట్టితిని. మరునాటికి వాపు ఇనుమడించెను. ఇంటిలో పెండ్లి యున్నదని ఆసుపత్రికి పోవుట వారము వాయిదా వేసితిని. ఆ వారమున పెండ్లిభోజనము నాకు గంజియే యయ్యెను. సున్నము, పొగాకు, నూరిన నొప్పిమాత్ర చిగురుపై అద్దరాదనియు, వేడి కాపడము పెట్టరాదనియు, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించుట మాత్రము మేలనియు అప్పుడు తెలిసికొంటిని.

వాయిదా వేయుటలోని అపాయము నొప్పితో ముగియదు. క్రింది దవడపండ్లనుండి చీము గడ్డము క్రిందికి, నాలుక అడుగునకు వ్యాపించినచో శ్వాసమార్గమే మూసికొనిపోవచ్చును. జర్మను వైద్యుడు లుడ్విగ్ ఈ వ్యాధిని 1836లోనే వర్ణించెను. నేటికిని అది ప్రాణాంతకమే. గడ్డము క్రింద గట్టి వాపు, జ్వరము, నాలుక పైకి లేచుట, ఉమ్మిని సైతము మ్రింగలేకుండుట, ఊపిరి ఆడకుండుట, వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. రాత్రియైనను 108 బండిని పిలిచి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

నన్ను చూచిన వైద్యురాలు ఆనాడు పన్ను తీయలేదు. వాపు తగ్గుటకు మందులిచ్చి, ఎక్స్‌రే తీయించి, ఐదుదినముల పిమ్మట రమ్మనెను. క్రింది దవడలో పెదవికి స్పర్శనిచ్చు నరము ఈ పంటి వేళ్లకు చేరువగా పోవును; దానిని చూచుకొనుటకే ఆ చిత్రము. పిమ్మట సూదిమందు వేసి, చిగురును కోసి, పంటిని రెండు ముక్కలుగా చేసి తీసెను. నొరుకు చప్పుడు వినబడెను, దవడపై బలము తెలిసెను, నొప్పి మాత్రము తెలియలేదు. ఆ భాగ్యము పూర్వులకు లేదు. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి తన జ్ఞానదంతమునే తోటివానిచే తీయించుకొని, నొప్పి లేకుండ పన్ను తీయవచ్చునని తెలిసికొనెను. నేడు విరివిగా వాడు లిగ్నోకెయిన్ మందును 1943లో స్వీడనులో కనుగొనిరి.

జ్ఞానదంతములన్నియు తీయించుకొనవలెనని అనుకొనరాదు. నిటారుగా వచ్చి, బ్రష్షునకు అందుచు, బాధపెట్టని పన్నును ఉంచుకొనవచ్చును. బ్రిటనులో 2000లోనే, వ్యాధిలేని పంటిని ముందుజాగ్రత్తకని తీయరాదని వైద్యులకు సూచించిరి. మాటిమాటికి వాచునది, పుచ్చినది, ప్రక్కపంటిని పాడుచేయునది తీయించవలెను. అదియు చట్టప్రకారము నమోదైన దంతవైద్యునిచేతనే. సంతలో పట్టకారు పట్టుకొని కూర్చున్నవానిచేత కాదు. చేరువలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఏయే దినములలో దంతవైద్యుడుండునో విచారించి పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుటకు సుద్దముక్క కంటె ఎక్కువ ఖర్చు లేదు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారును, రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, గర్భవతులును ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.

తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టువంటిది. వైద్యుడు పెట్టిన దూదిని అరగంటకు పైగా గట్టిగా కరచియుండవలెను. ఆ దినమంతయు ఉమ్మివేయుట, పుక్కిలించుట కూడదు. చెంపపై బయటనుండి చల్లని గుడ్డ వేయవచ్చును. చల్లారిన జావ, పెరుగన్నము తినవచ్చును. ఉప్పునీటి పుక్కిలింత మరునాటినుండి. బీడీ, చుట్ట, గుట్కా కొన్నిదినములవరకు ముట్టరాదు. నా ప్రక్కమంచముమీది పెద్దమనిషి రెండవనాడే చుట్ట వెలిగించి, మూడవనాడు చెవివరకు పోటుతో తిరిగివచ్చెను. గడ్డకట్టిన రక్తము ఊడి ఎముక బయటపడినదట. గుంటను కడిగి మందు పెట్టిన గంటలోనే ఆయన నిద్రపోయెను. మూడు నాలుగు దినములకు నొప్పి తగ్గుటకు మారుగా హెచ్చినచో, లేక పెదవి తిమ్మిరి మరునాటికిని వదలకున్నచో, తీసిన వైద్యునికే చూపవలెను.