సూది తర్వాత వచ్చే నీరసం బద్ధకం కాదు

ఫజ్ర్ నమాజ్‌కు అందరికంటే ముందు లేచే అమ్మీ ఈ మధ్య పొద్దెక్కేదాకా మంచం దిగడం లేదు. పదిమందికి వండిపెట్టిన చేయి రెండు రొట్టెలు కాల్చేసరికే అలసిపోతోంది. వయసు మీద పడిందని ఒకరంటారు, బద్ధకం పెరిగిందని ఇంకొకరంటారు. నెల కిందట ఆమె షుగర్ సూది మొదలుపెట్టిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. కరీంనగర్‌లో ముకరంపురలోనైనా, కాశ్మీర్‌గడ్డలోనైనా ఏ ఇంట్లోనైనా ఎదురుకాగల పరిస్థితి ఇది.

మనదేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాయి. వారానికొకసారి వేసుకునే ఈ సూదులు ఇన్సులిన్ కావు. భోంచేసినప్పుడు పేగుల్లో ఊరే హార్మోనులా ఇవి పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. దాంతో షుగరూ, బరువూ తగ్గుతాయి.

వికారం, వాంతులు, విరేచనాలతోపాటు అలసట కూడా ఈ మందుల దుష్ఫలితాల్లో ఒకటి. బరువు తగ్గడానికి వెగోవీ వాడిన పెద్దలపై జరిగిన పరీక్షల్లో 100 మందిలో 11 మంది అలసిపోతున్నామన్నారు. మందులేని సూది వేసుకున్నవారిలో అలా అన్నవారు 5గురే.

ఈ నీరసానికి కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది తిండి. ఆకలి లేదని రెండు ముద్దలతో సరిపెట్టుకుంటే ఒంటికి సత్తువ చాలదు, కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలికి ఈ ముప్పు మరీ ఎక్కువ. కొంచెమే తిన్నా గుడ్డు, పప్పు, పెరుగు, చేప లేదా చికెన్ ఉండాలి. రెండోది నీరు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంది. మన జిల్లాలో మే నెల ఎండలు దానికి తోడైతే మూత్రపిండాలకే ప్రమాదం.

మూడోది అన్నిటికన్నా అపాయకరమైనది. ఈ సూదికి తోడు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతుంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే అది మామూలు నీరసం కాదు. వెంటనే పరీక్షించాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రంజాన్‌లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. రోజాల నెలలోనే కొత్తగా సూది మొదలుపెట్టడం, మోతాదు పెంచడం మంచిది కాదు. కొన్ని వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. వేలికొన నుంచి రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. షుగర్ 70కి దిగువకు పడినా, 300 దాటినా రోజా విరమించాలన్నది వైద్యుల సలహా. రోగులకు దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే సడలింపు ఉంది. దాన్ని వాడుకోవడం నామోషీ కాదు.

మోతాదును సాధారణంగా నాలుగు వారాలకోసారి మెల్లగా పెంచుతారు. ఒళ్లు అలవాటు పడేకొద్దీ చాలామందిలో ఈ బాధలు తగ్గుతాయి. గల్ఫ్‌లో ఉన్న బంధువు పంపాడనో, పొరుగింటి ఆపాకు బరువు తగ్గిందనో సొంతంగా మొదలుపెట్టవద్దు. నీరసంగా ఉందని సొంతంగా మానేయనూ వద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారికి బి12 విటమిన్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఉన్నా ఇలాంటి అలసటే వస్తుంది. కారణమేదో తేల్చాల్సింది పరీక్షలే.

రేపు ఉదయం అమ్మీ లేవలేకపోతే విసుక్కోకండి. పక్కన కూర్చుని, "నిన్నటి నుంచి ఏం తిన్నారమ్మీ, ఎన్ని నీళ్లు తాగారు?" అని అడగండి. ఆ జవాబు కాగితం మీద రాసుకుని డాక్టర్‌కు చూపించండి. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.